మంట రంగు మారితే: గ్యాస్ ఫర్నేస్, గీజర్, పొయ్యిల గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది నకిరేకల్. మా అబ్బాయి అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన చలికాలం నేను, నా భార్య అక్కడే గడిపాము. ఇల్లంతా వెచ్చగా ఉంచడానికి బేస్‌మెంట్‌లో, అంటే ఇంటి కింది అంతస్తులో, గ్యాస్‌తో నడిచే ఫర్నేస్ ఉంది. జనవరిలో ఒకరోజు అది ఐదారు నిమిషాలు మండి ఆరిపోవడం, కాసేపటికి మళ్లీ అంటుకోవడం మొదలైంది. అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు. నేనే కిందికి దిగి, దాని ముందున్న చిన్న అద్దంలోంచి చూస్తే మంట అక్కడక్కడా పసుపుగా కనిపించింది. తలుపు తీసి లోపల ఏదైనా స్క్రూ తిప్పితే సరిపోతుందేమోననిపించింది గాని ధైర్యం చాలలేదు. ఈ నవంబరులో మళ్లీ వెళ్తున్నాము. ఇంట్లో పగలంతా ఉండేది మేమే కాబట్టి, దాన్ని మేము ఎంతవరకు చూసుకోవచ్చు, ఎక్కడ చేయి వెనక్కి తీసుకోవాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నకిరేకల్

జవాబు: మీరు ఆ స్క్రూ జోలికి పోకపోవడం చాలా మంచి పని. ఎందుకో చెప్పే ముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చెబుతాను. అది తెలిస్తే, ఏది మన పనో ఏది కాదో మీకే తేటపడుతుంది.

గోడ మీది థర్మోస్టాట్ ఇల్లు చల్లబడిందని కబురు పంపగానే ముందు ఒక చిన్న ఫ్యాను తిరిగి, పొగ బయటికి పోయే దారి తెరిచే ఉందని తేల్చుకుంటుంది. ఆ దారి మూసుకుని ఉంటే ప్రెషర్ స్విచ్ ఒప్పుకోదు, గ్యాస్ రాదు. దారి సరిగ్గా ఉంటే గ్యాస్‌ను అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, మంట లేస్తుంది. మంట నిజంగా లేచిందా లేదా అని ఒక సన్నని లోహపు కడ్డీ కనిపెడుతూ ఉంటుంది. లేవకపోతే కొద్ది సెకన్లలో గ్యాస్ ఆగిపోతుంది. మంట నిలబడిన కాసేపటికి పెద్ద బ్లోయరు తిరగడం మొదలై, ఇంట్లోని గాలిని ఫిల్టర్ గుండా లోపలికి లాగి, వేడిచేసి, గొట్టాల ద్వారా గదులకు పంపుతుంది.

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం హీట్ ఎక్స్‌ఛేంజర్. మన పెరళ్లలో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్లు కాచేవారు కదా, అదే సూత్రం. మంట, పొగ కాగుకు బయట, నీళ్లు లోపల. వేడి మాత్రమే రాగిరేకు దాటి వస్తుంది, పొగ రాదు. ఫర్నేస్‌లో మంట లోహపు గొట్టాల లోపల ఉంటుంది, మనం పీల్చే గాలి వాటి బయట నుంచి పారుతుంది. కాగు అడుగు చిల్లిపడితే నీళ్లు కారి పొయ్యి ఆరుతుంది, మనకు వెంటనే తెలుస్తుంది. కాని ఫర్నేస్‌లోని ఆ లోహపు గొట్టాలు పగిలితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదుల్లోకి రావచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మనం చేసే జాగ్రత్తలన్నీ ఈ రెండు గాలులు కలవకుండా ఉండటం కోసమే.

ఇక మీ ఇంట్లో జరిగినదాని సంగతి. ఐదారు నిమిషాలు సాఫీగా మండి, ఆగి, మళ్లీ మొదలైందంటే మొదట అనుమానించవలసింది ఫిల్టర్‌ను. అది దుమ్ముతో పూడిపోతే గాలి సరిగా పారదు, వేడి లోపలే పేరుకుంటుంది, వేడి హద్దు దాటకుండా కాపాడే లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది. కాస్త చల్లబడగానే మళ్లీ అంటుకుంటుంది. యంత్రం చెడిపోయిందని మనం అనుకుంటాము గాని, అప్పుడు అది తనను తాను కాపాడుకుంటున్నది. అలా కాకుండా మంట లేచిన నాలుగైదు సెకన్లకే ఆరిపోయి, మళ్లీ ప్రయత్నించి, చివరికి పూర్తిగా మొరాయిస్తే, అది చాలాసార్లు మంటను కనిపెట్టే కడ్డీకి మసి పట్టడం వల్ల జరుగుతుంది. అది టెక్నీషియన్ శుభ్రం చేయవలసిన పని. ఈ రెండింటికీ తేడా గడియారం చూసి చెప్పవచ్చు కాబట్టి, ఈసారి అలా జరిగితే ఎన్ని సెకన్లు, ఎన్ని నిమిషాలు అని కాగితం మీద రాసి ఉంచండి. వచ్చిన మనిషికి ఆ కాగితం చాలా పనికొస్తుంది.

ఫిల్టర్ మార్చడం మీరు నిశ్చింతగా చేయగల పని. ఫర్నేస్ పక్క గోడకో, దాని మీదనో మామూలు లైటు స్విచ్‌లాంటిది ఉంటుంది. ముందు దాన్ని ఆపండి. ఫిల్టర్ అట్ట అంచు మీద కొలత అచ్చువేసి ఉంటుంది, 16×25×1 అంగుళాలని, ఇంకొకటని. అదే కొలత తెప్పించాలి. అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ఆ బాణం గాలి పారే వైపు, అంటే ఫర్నేస్ వైపు చూడాలి. సన్నని ఫిల్టర్లను నెలకొకసారి తీసి వెలుతురుకు పట్టి చూడండి. అవతలి వెలుగు కనపడకపోతే మార్చవలసిందే. ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి మార్చాలని సాధారణంగా చెబుతారు గాని, రోజూ పోపు వేసి, మిరపకాయలు వేయించి, పొద్దున్నే అగరొత్తులు వెలిగించే మన ఇళ్లలో నెల దాటకపోవడమే మేలు. ఇంకొక సంగతి: ఊరి నుంచి తీసుకువెళ్లిన పచ్చళ్ల సూట్‌కేసులు, పరుపులు నేల మీది జాలీల పైన పెట్టి ఉన్నారేమో చూడండి. గాలి వచ్చే జాలీలు, గాలి వెనక్కి పోయే జాలీలు రెండూ తెరిచి ఉండాలి. ఫిల్టర్ పూడిపోయినంత పనీ ఆ సూట్‌కేసులు చేస్తాయి.

చలికాలంలో మీరు చూడవలసిన మరో చోటు ఇంటి బయట గోడ. కొత్త రకం ఫర్నేస్‌లకు తెల్లని పీవీసీ గొట్టాలు పక్క గోడలోంచి బయటికి వస్తాయి. ఒకదాంట్లోంచి గాలి లోపలికి, ఒకదాంట్లోంచి పొగ, ఆవిరి బయటికి. పెద్ద మంచు కురిసిన మరునాడు ఆ మూతుల ముందు మంచు పేరుకుందేమో చూసి మెల్లగా తీసేయండి. జారుడు నేల కాబట్టి మీరు దిగలేకపోతే పిల్లలకు చెప్పండి, మీరే దిగాలని పట్టుదలకు పోవద్దు. ఫర్నేస్ చుట్టూ పెయింటు డబ్బాలు, పాత అట్టపెట్టెలు, ఆరేసిన బట్టలు ఉండకూడదు.

ఇక ఆ స్క్రూ విషయం. గ్యాస్ వాల్వ్ మీద మూత కింద ఉండే స్క్రూ బర్నర్‌కు వెళ్లే గ్యాస్ ఒత్తిడిని నిర్ణయిస్తుంది. సహజవాయువుతో నడిచే మామూలు ఫర్నేస్‌కు అది సుమారు 3.5 అంగుళాల నీటి మట్టం ఎత్తుకు సమానమైన ఒత్తిడి, అంటే ఒక గ్లాసులో దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల నీళ్లు అడుగున కలిగించేంత ఒత్తిడి మాత్రమే. ఎల్పీజీతో నడిచే ఫర్నేస్‌కు అది 10, 11 అంగుళాలు ఉంటుంది. ఇంత సున్నితమైన కొలతను కంటితో, చెవితో పట్టలేము. ఒత్తిడిని కొలిచే మానోమీటర్ పెట్టి చూస్తూనే తిప్పాలి. తిప్పిన తర్వాత లోపలికి వెళ్లే గాలికి, బయటికి వచ్చే గాలికి వేడిలో తేడా ఎంతుందో కొలిచి, యంత్రం మీది రేకు పలకపై రాసిన హద్దుల్లో ఉందో లేదో చూడాలి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో పరికరంతో పరీక్షించాలి. గ్యాస్ ఎక్కువైతే హీట్ ఎక్స్‌ఛేంజర్ అతిగా కాగి కొన్నేళ్లకు పగుళ్లిస్తుంది. పైగా మంట పసుపుగా ఉండటానికి అసలు కారణం చాలాసార్లు గ్యాస్ ఒత్తిడి కాదు, గాలి చాలకపోవడం. పాత ఫర్నేస్‌లలో బర్నర్ మొదట్లో గాలి రెక్క ఒకటి ఉండేది, దాన్ని సర్దేవారు. ఇప్పటివాటిలో చాలావరకు అలా సర్దేది ఏదీ ఉండదు. అందువల్ల వాటిలో మంట రంగు మారితే సర్దుబాటు కాదు, తప్పు ఎక్కడుందో వెతకడం కావాలి.

అద్దంలోంచి చూడటం మాత్రం మీరు చేయవచ్చు, చేయాలి కూడా. మంచి మంట నీలంగా, సూటిగా, కదలకుండా గొట్టంలోకి దూసుకుపోతున్నట్టు ఉంటుంది. అప్పుడప్పుడు నారింజ రంగు నలుసులు మెరిసి పోతే అది దుమ్ము కాలడం. గదిలో గాలికి తేమనిచ్చే యంత్రం నడుస్తున్నా నీటిలోని ఖనిజాల వల్ల నారింజ ఛాయ వస్తుంది. భయపడనక్కర లేదు. కాని పసుపు రంగు నిలకడగా ఉన్నా, మంట సోమరిగా అటూ ఇటూ ఊగుతున్నా ఆపించి టెక్నీషియన్‌ను పిలిపించాలి. ముఖ్యంగా ఒక క్షణాన్ని గమనించండి: మంట లేచిన తర్వాత పెద్ద బ్లోయరు తిరగడం మొదలైనప్పుడు, అంతవరకు స్థిరంగా ఉన్న మంట ఒక్కసారిగా వంగినా, వణికినా, రంగు మారినా, హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పగులు ఉండవచ్చని అర్థం. అప్పుడు ఫర్నేస్ ఆపి, పగులు లేదని తేలేవరకు మళ్లీ వెలిగించవద్దు. ఫర్నేస్ ముందు తలుపు తీస్తే యంత్రం ఆగిపోయేలా ఒక స్విచ్ పెట్టి ఉంటారు. కొందరు లోపల చూడటానికి దాన్ని టేపు వేసి నొక్కి ఉంచుతారు. ఆ పని మీరు చేయకండి, ఎవరు చేసినా ఒప్పుకోకండి.

గ్యాస్ వాసన విషయంలో మనకూ వాళ్లకూ ఒక తేడా ఉంది. మన సిలిండర్‌లోని ఎల్పీజీ గాలికంటే బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది. అక్కడ గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు గాలికంటే తేలిక, పైకి లేస్తుంది. కాబట్టి బేస్‌మెంట్‌లో కారిన గ్యాస్ పై గదుల్లో వాసన కొట్టవచ్చు. వాసన వస్తే లైటు వేయకండి, ఉన్న లైటు ఆపకండి, ఫోను ఇంట్లో ఉండి వాడకండి. చలికోటు అందితే తీసుకుని, అందకపోతే దుప్పటి కప్పుకుని ఇంటికి దూరంగా వెళ్లి అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయండి. ఇంగ్లీషు సరిగా రాకపోయినా ‘గ్యాస్ స్మెల్’ అన్న రెండు మాటలు, ఇంటి చిరునామా చెబితే చాలు. ఆ చిరునామా పిల్లలకు తెలుసులే అనుకుంటాము. వెళ్లిన మొదటి రోజే దాన్ని తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి ఒక ప్రతి కోటు జేబులో పెట్టుకోండి, ఒకటి ఫ్రిజ్ మీద అంటించండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర ఉండాలి. అది వరుసగా నాలుగు కూతలు కూసి, ఆగి, మళ్లీ నాలుగు కూస్తే విషవాయువు ఉన్నట్టు; పొగ అలారం మూడేసి కూస్తుంది. అర నిమిషానికో నిమిషానికో ఒక్క చిన్న కూత వేస్తే బ్యాటరీ అయిపోయిందని అర్థం. అలారం వెనుక తయారైన తేదీ ఉంటుంది. రకాన్ని బట్టి ఐదు నుంచి పదేళ్లకు దాన్నే మార్చాలి. మీరు చేరగానే అబ్బాయిని పక్కన పెట్టుకుని టెస్ట్ బటన్ నొక్కి ఆ కూత ఒకసారి వినండి. నిద్రలో విన్నప్పుడు అదేమిటో తడుముకోకుండా ఉంటారు.

ప్రశ్న: మిర్యాలగూడలో రెండు గదుల ఇల్లు మాది. కరెంటు ఖర్చు తగ్గుతుందని స్నానాలగదిలోనే గ్యాస్ గీజర్ పెట్టించాము. డిసెంబరులో చలిగా ఉందని కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టాము. నా భార్యకు రెండుసార్లు స్నానం మధ్యలో తల తిరిగి, వాంతి వచ్చినట్టయింది. బయటికి రాగానే తగ్గింది. వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్‌లో 98 చూపింది. బీపీ అనుకున్నాము. మెకానిక్ వచ్చి మంట ఎక్కువగా ఉందని నాబ్ తగ్గించి వెళ్లాడు. ఇది చాలునా?
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: చాలదు. దయచేసి ఈ జవాబు చదివిన రోజే ఆ గీజర్ వాడటం ఆపండి. మీ భార్యకు జరిగింది కార్బన్ మోనాక్సైడ్ వల్లనే అయి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఎన్నో ఏళ్ల క్రితం నల్లగొండలో మేము అద్దెకున్న ఇంట్లో మా చెల్లెలు ఇలాగే స్నానాలగదిలో పడిపోయింది. తలుపు గడియ వదులుగా ఉండటం వల్ల మా అమ్మ తోసి తీయగలిగింది. కుళాయి పారుతూనే ఉంది, గీజర్ మండుతూనే ఉంది, గదిలో ఏ వాసనా లేదు. ఆ ‘ఏ వాసనా లేదు’ అన్న మాటే నాకు ఇప్పటికీ భయం.

లెక్క వేసి చూద్దాం. వంటింటి పొయ్యి మీది పెద్ద బర్నర్ గంటకు సుమారు 150 గ్రాముల గ్యాస్ తింటుంది. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లు కాచే గీజర్ గంటకు 800 నుంచి 900 గ్రాములు తింటుంది. అంటే ఐదారు పొయ్యిలు ఒకేసారి వెలిగించుకుని వాటి మధ్య తలుపు వేసుకుని కూర్చున్నట్టు. కిలో ఎల్పీజీ పూర్తిగా మండటానికి 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న గదిలో ఉండే గాలి ఏడున్నర ఘనపు మీటర్లే. ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసి గీజర్ పావుగంట మండితే ఆ గదిలోని గాలిలో మూడోవంతుకు సరిపడా ప్రాణవాయువు దానికే పోతుంది. ప్రాణవాయువు తగ్గిన కొద్దీ గ్యాస్ సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మీరు కిటికీకి పెట్టిన అట్టముక్క చేసిన పని ఇది.

ఆక్సీమీటర్ 98 చూపిందని ధైర్యపడకండి. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే ఆ చిన్న పరికరం ఆ రెండింటినీ వేరుచేయలేదు. విషం పట్టిన రక్తాన్ని కూడా మంచి రక్తంగానే లెక్కిస్తుంది. ఈసారి ఎవరికైనా తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ పోయినట్టు అనిపిస్తే వెంటనే ఆరుబయటికి తీసుకురండి. స్పృహ తగ్గినా, లక్షణాలు తగ్గకపోయినా 108కి ఫోను చేయండి, ఆసుపత్రిలో గ్యాస్ గీజర్ ఉన్న గదిలో ఉన్నారన్న మాట మొదటే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వైద్యుడు కూడా బీపీ వైపో షుగర్ వైపో చూసే ప్రమాదం ఉంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే అది జలుబు అనుకునే ముందు మంట ఎక్కడ మండుతున్నదో చూడండి. ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు, గుండెజబ్బు ఉన్నవారు ఉంటే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

నాబ్ తగ్గిస్తే గ్యాస్ తగ్గుతుంది గాని గాలి పెరగదు. గీజర్‌ను స్నానాలగది బయట, గాలి ఆడే వరండాలోనో పెరటి గోడకో బిగించి, వేడినీళ్ల గొట్టం మాత్రమే లోపలికి తీసుకురావాలి. అయ్యే ఖర్చు నాలుగైదు మీటర్ల గొట్టం, ప్లంబరు ఒక పూట కూలి. సిలిండర్ కూడా బయటే, నిలువుగా ఉండాలి. అది జరిగేదాకా నీళ్లు పొయ్యి మీదనే కాచుకోండి. మార్చిన తర్వాత కూడా మన బకెట్ స్నానం అలవాటు మంచి రక్షణ: రెండు బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, ఆ తర్వాతే తలుపు వేసుకోండి.

మీ వైపు బోరు నీళ్లు వాడుతున్నట్టయితే మరొకటి చూడాలి. కాగు అడుగున తెల్లగా పొర కట్టే నీళ్లు గీజర్ లోపలి రాగి చుట్టలో కూడా అదే పొర కడతాయి. నీళ్ల ధార సన్నబడుతుంది, మంటలోని వేడి నీళ్లకు ఎక్కదు, రాగి రెక్కల మధ్య మసి పేరుకుని పొగ పైకి పోయే సందులు మూసుకుంటాయి. అందువల్ల ఏడాదికొకసారి, చలి మొదలయ్యే ముందు, మూత విప్పించి రెక్కలు, బర్నర్ శుభ్రం చేయించండి. మెకానిక్ వెళ్లేముందు మీరు దగ్గరుండి మంట చూడండి. గీజర్ మూత పైభాగంలో నల్లని మసి చార ఉందేమో వేలితో తుడిచి చూడండి. వేలికి మసి అంటితే పని పూర్తి కానట్టే.

ప్రశ్న: గ్యాస్ పొయ్యి మీద ఒక బర్నర్ మంట పసుపుగా వచ్చి గిన్నెల అడుగు నల్లబడుతున్నది. పిన్నీసుతో గుచ్చి చూశాను, తగ్గలేదు. ఏం చేయాలి?
– గృహిణి, కల్వకుర్తి

జవాబు: పిన్నీసుతో ఎక్కడ గుచ్చారన్నది ముఖ్యం. బర్నర్ మూత చుట్టూ ఉన్న రంధ్రాలను గుచ్చి శుభ్రం చేయవచ్చు; జొన్న గట్క, పాలు పొంగి అక్కడ ఎండిపోవడం మామూలే. వేడినీళ్లలో నానబెట్టి, పాత బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరిన తర్వాతే పెట్టండి. కాని పొయ్యి లోపల గ్యాస్ వచ్చే ఇత్తడి జెట్ రంధ్రాన్ని మాత్రం గుచ్చకూడదు. వెంట్రుక మందం పెరిగినా గ్యాస్ ఎక్కువై గాలి చాలక పసుపు మంట వస్తుంది. అలా గుచ్చి ఉంటే జెట్ మార్పించడమే దారి. ఆ రెండూ కాకపోతే, జెట్‌కూ బర్నర్‌కూ మధ్య ఉన్న గొట్టంలో సాలెగూడో బొద్దింక పొట్టో అడ్డం ఉండవచ్చు. మెకానిక్ చేత అది తీయించి, గొట్టం మొదట్లో గాలి తీసుకునే చోటు సరిచేయించుకోండి. గాలి మరీ ఎక్కువైతే మంట బర్నర్ మీద నిలవక ఎగిరి చప్పుడు చేస్తుంది. అది కూడా మంచిది కాదు.

పొయ్యి విప్పి బిగించిన ప్రతిసారి రెగ్యులేటర్ దగ్గర, పొయ్యి దగ్గర గొట్టం చివరలకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల వెలిగించి చూడటం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. బుడగలు వస్తే రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి, 1906కు ఫోను చేయండి. అది గ్యాస్ లీకేజీకి రోజంతా పనిచేసే నంబరు. నారింజ రంగు సురక్ష గొట్టం ఆయువు ఐదేళ్లు. తయారైన నెల, సంవత్సరం దాని మీదే అచ్చువేసి ఉంటాయి. పొయ్యి ఎలాగూ కదుపుతున్నారు కాబట్టి గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి ఆ అంకెలు చదవండి.